గ్రాముకు ఎన్ని గుడ్లు?

నులిపురుగుల మాత్రలు ఎందరు తిన్నారో ఏటా లెక్క తేలుతోంది. ఆ మాత్రల వల్ల పురుగులు ఎన్ని తగ్గాయో తేల్చే లెక్క మాత్రం అరుదుగానే జరుగుతోంది.

ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల ప్రాంతంలో మధ్యాహ్న భోజనం ముగిశాక తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల వరండాల్లో ఒకే దృశ్యం కనిపిస్తుంది. పిల్లలు వరుసగా నిలబడతారు. ఉపాధ్యాయురాలు ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కో ఆల్బెండజోల్ మాత్ర పెట్టి, మింగేయకుండా నమిలి తినమని చెప్పి, తిన్నారో లేదో నోరు తెరిపించి చూసి, హాజరు పట్టీలో పేరు ఎదుట టిక్కు పెడుతుంది. ఆ రోజు రానివారికి మరికొన్ని రోజుల తరువాత మాప్-అప్ దినాన మాత్ర వేసి రెండు టిక్కులు పెడతారు. అంగన్‌వాడీ కేంద్రాల్లో రెండేళ్లు నిండని పసివారికి అర మాత్రను పొడి చేసి నీళ్లలో కలిపి తాగిస్తారు. ఈ టిక్కులన్నీ కలిసి పాఠశాల నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, అక్కడి నుంచి రాష్ట్ర రాజధానికి చేరి, చివరకు లక్ష్యంలో ఇంత శాతం సాధించామన్న ప్రకటనగా పత్రికల జిల్లా పేజీల్లో అచ్చవుతాయి.

ఆ శాతం చెప్పేది మాత్ర ఎందరి కడుపులోకి వెళ్లిందన్న సంగతే తప్ప, ఎందరి కడుపులోంచి పురుగులు బయటికి వెళ్లాయన్న సంగతి కాదు. ఈ రెండోది తెలియాలంటే పిల్లల మలాన్ని సేకరించి, గాజు పలక మీద పూతగా పరిచి, సూక్ష్మదర్శిని కింద పురుగుల గుడ్లను ఒక్కొక్కటిగా లెక్కించడం తప్ప నేటికీ సులభమైన దారి లేదు. మంత్రులు ప్రారంభించని, ఫొటోలకు పనికిరాని, చేసేవారు సైతం ఇంట్లో చెప్పుకోవడానికి మొహమాటపడే పని ఇది. కానీ నులిపురుగుల నివారణ కార్యక్రమం గెలిచిందో ఓడిందో తేల్చగలిగింది ఈ పని ఒక్కటే.

36 నుంచి 34.3

ఈ విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆలస్యంగా మేల్కొన్న రాష్ట్రమేమీ కాదు. జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం 2015లో మొదలైతే, పాఠశాలల ద్వారా పెద్ద ఎత్తున మాత్రలు పంచడం ఇక్కడ 2009లోనే జరిగింది. అయినప్పటికీ 2020 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రాష్ట్రాల్లో జరిగిన తదుపరి సర్వేల ఫలితాలను వెల్లడించినప్పుడు, పురుగుల వ్యాప్తి గణనీయంగా తగ్గిన 9 రాష్ట్రాల జాబితాలో తెలంగాణ ఉన్నది కానీ ఆంధ్రప్రదేశ్ లేదు. ఛత్తీస్‌గఢ్‌లో 2016లో 74.6 శాతంగా ఉన్న వ్యాప్తి 2018 నాటికి 13.9 శాతానికి పడిపోగా, సిక్కింలో 2015లోని 80.4 శాతం 2019 నాటికి 50.9 శాతానికి దిగగా, ఆంధ్రప్రదేశ్‌లో 2016లోని 36 శాతం 2019 నాటికి 34.3 శాతం వద్దనే ఆగిపోయింది.

ఇన్ని మాత్రలు పంచాక కూడా ఇంత స్వల్పంగానే ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు పలు సమాధానాలు సాధ్యమే. మాత్ర తిన్న పిల్లలు అదే మట్టిలో ఆడి, అదే నీరు తాగి, కొద్ది నెలల్లో మళ్లీ పురుగుల పాలై ఉండవచ్చు. మాత్రలు అందని పెద్దల ద్వారా గుడ్లు నేలలోకి చేరుతూనే ఉండవచ్చు. టిక్కు పడిన ప్రతి మాత్రా నిజంగా నోట్లో పడకపోయి ఉండవచ్చు. వీటిలో ఏది ఎంత నిజమో ఆ రెండు అంకెలను చూసి తేల్చడం కుదరదు. ఎందుకంటే వ్యాప్తి అనేది పరీక్షించిన నూరు మందిలో ఎందరి మలంలో కనీసం ఒక్క గుడ్డయినా కనిపించిందన్న లెక్క మాత్రమే. ఒకే ఒక్క పురుగు ఉన్న పిల్లవాడూ, పేగు నిండా పురుగులతో రక్తం కోల్పోయి పాలిపోయిన పిల్లవాడూ ఆ లెక్కలో సమానులే. అదే 34 శాతం వెనుక ఉన్నవన్నీ తేలికపాటి సోకుడులైతే కార్యక్రమం బాగానే పనిచేసినట్లు. వాటిలో తీవ్రమైనవి ఎప్పటిలాగే ఉంటే విఫలమైనట్లు. అంకె ఒకటే, అర్థాలు రెండు.

ఎవరీ మూడు పురుగులు?

*ఏలికపాము:* చిన్నపేగులో ఉండే ఈ గుండ్రటి పొడవైన పురుగులో ఆడది రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. గుడ్లు మట్టిలో కొన్ని వారాలు మాగిన తరువాతే సోకే శక్తి పొందుతాయి. అనుకూలమైన నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి.

*కొంకిపురుగు:* పేగు గోడను నోటితో పట్టుకొని రక్తం తాగుతుంది. మట్టిలో గుడ్డు పగిలి బయటికి వచ్చిన పిల్లపురుగు, చెప్పులు లేని పాదాల చర్మం గుండా శరీరంలోకి దూరుతుంది. రక్తహీనతతో దీనికి నేరుగా సంబంధం ఉంది.

*కొరడా పురుగు:* సన్నటి ముందు భాగాన్ని పెద్దపేగు గోడలోకి చొప్పించి బతుకుతుంది. మూడింటిలోకీ మాత్రకు సులభంగా లొంగనిది ఇదే.

మట్టి ద్వారా సంక్రమించే ఈ మూడింటినీ కలిపి ప్రభుత్వ ప్రచారంలో నులిపురుగులని వ్యవహరిస్తున్నారు. రాత్రివేళ మలద్వారం వద్ద దురద పెట్టించే సన్నటి తెల్ల పురుగు వేరు. దాని గుడ్లు మలంలో అరుదుగా కనిపిస్తాయి కనుక, తెల్లవారుజామున చర్మానికి పారదర్శక టేపు అంటించి తీసి చూడటమే దానికి సరైన పరీక్ష.

41.7 మిల్లీగ్రాముల లెక్క

మలంలో గుడ్లు ఉన్నాయా లేవా అని చూడటంతో సరిపెట్టుకోకుండా అవి ఎన్ని ఉన్నాయో లెక్కించే పద్ధతుల్లో నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది కాటో-కట్జ్ పద్ధతి. జపాన్‌కు చెందిన కాటో, మియురా 1954లో మందపాటి మలపూతను సెల్లోఫేన్ కాగితంతో కప్పి పరీక్షించే విధానాన్ని వివరించగా, బ్రెజిల్‌కు చెందిన కట్జ్, ఆయన సహచరులు 1972లో దానికి కొలత జోడించారు. మలాన్ని సన్నటి జల్లెడ గుండా రుద్ది, పీచు, గింజలు తొలగించి, మధ్యలో గుండ్రటి రంధ్రం ఉన్న చిన్న పలకను గాజు స్లైడు మీద ఉంచి ఆ రంధ్రాన్ని నింపితే అందులో సరిగ్గా 41.7 మిల్లీగ్రాముల మలం పడుతుంది. దాని మీద గ్లిసరిన్‌లోనూ మాలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగులోనూ నానబెట్టిన సెల్లోఫేన్ ముక్కను పరిచి అదిమితే, కొద్దిసేపట్లో మలం పారదర్శకమై గుడ్లు స్పష్టంగా పైకి తేలినట్లు కనిపిస్తాయి. అలా కనిపించిన గుడ్ల సంఖ్యను 24తో గుణిస్తే గ్రాము మలంలో ఎన్ని గుడ్లున్నాయో తెలుస్తుంది.

ఇందులో కావలసినవి ఒక మామూలు సూక్ష్మదర్శిని, కొద్దిపాటి సామగ్రి, ఓపిక ఉన్న ల్యాబ్ టెక్నీషియన్. కరెంటు లేని ఊళ్లో కూడా పగటి వెలుగుతో చేయవచ్చు. శిక్షణ పొందిన కంటికి ఏలికపాము గుడ్డు గరుకైన గోధుమరంగు పొరతోనూ, కొరడా పురుగు గుడ్డు రెండు కొనల్లో బిరడాలు బిగించిన పీపాలాగానూ, కొంకిపురుగు గుడ్డు పలుచటి గాజుపొరలో కొన్ని కణాల ముద్దతోనూ కనిపించి, ఒకదానితో మరొకటి పొరబడే అవకాశం తక్కువ.

చిక్కల్లా కొంకిపురుగు గుడ్డుతోనే. మలాన్ని పారదర్శకం చేసే గ్లిసరినే దాని పలుచటి పొరనూ కరిగించేస్తుంది కాబట్టి, స్లైడు తయారైన అరగంట నుంచి గంటలోపు చదవకపోతే గుడ్లు కనిపించకుండా పోతాయి. ఊరి నుంచి నమూనాలు మధ్యాహ్నానికి చేరి, టెక్నీషియన్ ముందు వంద స్లైడ్లు పేరుకుంటే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు: ఏలికపాము లెక్క సరిగానే వస్తుంది, కొంకిపురుగు మాత్రం ఆ జిల్లాలో లేనే లేదని తేలుతుంది. రక్తహీనతకు కారణమయ్యే పురుగే లెక్కలోంచి జారిపోవడం ఈ పద్ధతిలోని విషాదం. దానికి మందు మెరుగైన యంత్రం కాదు. గంటకు ఇన్ని స్లైడ్లకు మించి ఒక టెక్నీషియన్‌కు ఇవ్వకూడదన్న క్రమశిక్షణ.

తీవ్రతే అసలు కొలమానం

ఏ ఊళ్లోనైనా పురుగులు అందరికీ సమానంగా పంపిణీ కావు. ఎక్కువ మందిలో కొద్ది పురుగులు, కొద్ది మందిలో ఎక్కువ పురుగులు ఉండటం వీటి స్వభావం. పేగు అడ్డుపడటం, ఎదుగుదల కుంటుపడటం, తీవ్ర రక్తహీనత వంటి అసలైన నష్టం ఆ కొద్ది మందికే ఎక్కువగా జరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రాముకు ఉన్న గుడ్ల సంఖ్యను బట్టి సోకుడును తేలికపాటి, మధ్యస్థ, తీవ్ర స్థాయిలుగా విభజించి, 2030 నాటికి మధ్యస్థ, తీవ్ర స్థాయిల సోకుడు 2 శాతం లోపునకు తగ్గాలని లక్ష్యం పెట్టింది. ప్రజారోగ్య సమస్యగా నులిపురుగుల అంతం అంటే సాంకేతికంగా అర్థం ఇదే. చివరి పురుగు చచ్చిపోవడం కాదు.

తీవ్ర స్థాయి ఎక్కడ మొదలు?

గ్రాము మలంలో ఏలికపాము గుడ్లు 50,000, కొరడా పురుగు గుడ్లు 10,000, కొంకిపురుగు గుడ్లు 4,000 లేదా అంతకు మించితే తీవ్ర స్థాయి. మధ్యస్థ స్థాయి ఇదే వరుసలో 5,000, 1,000, 2,000 దగ్గర మొదలవుతుంది.

కవర్లలో మలం తెచ్చిన దేశం

ఈ లెక్కను పట్టుదలతో చేస్తే ఏమవుతుందో చూపిన దేశం దక్షిణ కొరియా. 1963లో జొంజు పట్టణంలోని ఒక మిషన్ ఆసుపత్రిలో పేగు అడ్డుపడిన తొమ్మిదేళ్ల బాలికకు శస్త్రచికిత్స చేస్తే 1,063 ఏలికపాములు బయటపడ్డాయి. ఆ బాలిక బతకలేదు. యుద్ధం నుంచి అప్పుడప్పుడే కోలుకుంటున్న ఆ దేశంలో ఆ మరణం దాచుకోలేని సిగ్గుగా మారింది. మరుసటి ఏడాదే పురుగుల నిర్మూలనకు ఒక సంఘం ఏర్పడింది. 1966లో పరాన్నజీవి వ్యాధుల నివారణ చట్టం వచ్చింది. 1969 నుంచి 1995 వరకు పాఠశాలల పిల్లలందరికీ ఏడాదికి రెండుసార్లు మలపరీక్ష జరిగింది. పిల్లలు చిన్న కవరులో మలం తెచ్చి ఉపాధ్యాయులకు అప్పగించేవారు. ఆ కవర్లను, వాటి చుట్టూ అల్లుకున్న అల్లరిని, ఫలితాలు చదివినప్పటి తలవంపులను ఆ తరం కొరియన్లు నేటికీ తలచుకుంటారు.

ఆ దేశం మాత్రలు ఊరందరికీ పంచేసి ఊరుకోలేదు. పరీక్షలో పురుగులున్నట్లు తేలిన పిల్లలకు మందిచ్చింది, ఆరు నెలల తరువాత మళ్లీ పరీక్షించింది. 1971లో జరిగిన తొలి జాతీయ సర్వేలో ఏదో ఒక పురుగు గుడ్డు కనిపించినవారు 84.3 శాతం కాగా, 1997 నాటికి ఆ సంఖ్య 2.4 శాతం, ఏలికపాము ఒక్కదాన్నే చూస్తే 54.9 శాతం నుంచి 0.06 శాతం. ఈ విజయంలో మలపరీక్షల వాటా ఎంత, మరుగుదొడ్లు, రసాయన ఎరువులు, పెరిగిన ఆదాయాల వాటా ఎంత అన్న చర్చ న్యాయమైనదే. మానవ మలాన్ని పొలాలకు ఎరువుగా వేసే అలవాటు పోకపోతే పరీక్షలు మాత్రమే ఇంత సాధించేవి కావు. కానీ ఏ ఏడాది ఎంత తగ్గిందో తెలిసి ఉండటం వల్లే ఆ దేశం పని మధ్యలో వదిలేయకుండా కొనసాగించగలిగింది, చాలించవలసిన సమయం వచ్చినప్పుడు ధైర్యంగా చాలించగలిగింది.

భారతదేశంలో ప్రతి పిల్లవాడికీ మలపరీక్ష చేయడం సాధ్యమయ్యే పని కాదు. పురుగుల ముప్పున్న పిల్లలు ఇక్కడ 20 కోట్లకు పైగా ఉన్నారు. ఒక పరీక్షకయ్యే ఖర్చు మాత్ర ఖరీదు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కనుక పరీక్ష లేకుండా అందరికీ మాత్ర ఇవ్వడమన్న నిర్ణయం సరైనదే. అయితే దానికి జోడీగా ఉండవలసింది నమూనా సర్వే. ఒకే రకమైన వాతావరణం, నేల ఉన్న ప్రాంతం నుంచి 5 నుంచి 10 పాఠశాలలు, ఒక్కో పాఠశాల నుంచి 50 మంది పిల్లలు ఉంటే సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షల మాత్రలు పంచగల యంత్రాంగానికి అయిదు వందల స్లైడ్లు మోయలేని బరువు కాదు.

తగ్గిన కొద్దీ దాక్కునే శత్రువు

పురుగులు తగ్గే కొద్దీ వాటిని కనిపెట్టడం కష్టమవుతుంది. కాటో-కట్జ్ స్లైడులో ఒక్క గుడ్డు కనిపిస్తే గ్రాముకు 24 గుడ్లున్నట్లు లెక్క. గ్రాముకు 10 గుడ్లు మాత్రమే ఉన్న పిల్లవాడి మలం నుంచి 3 స్లైడ్లు చేస్తే, గుడ్లు సమంగా కలిసి ఉన్నాయనుకున్నా, సగటున వాటిలో 2 ఖాళీగా ఉంటాయి. నిజానికి గుడ్లు మలంలో సమంగా కలవవు, రోజూ ఒకే సంఖ్యలో రావు. అందువల్ల ఒక్క స్లైడు చూసి ఊరంతా శుభ్రమైపోయిందని ప్రకటించడం తొందరపాటు.

ఈ లోటు తీర్చడానికి మార్గాలున్నాయి. బరువైన ఉప్పు ద్రావణంలో మలాన్ని కలిపి, తేలిక గుడ్లు పైకి తేలాక లెక్కించే మినీ-ఫ్లోటాక్ వంటివి ఒక రకం. మలంలోని పురుగుల డీఎన్ఏను గుర్తించి ఇంచుమించు పరిమాణం కూడా చెప్పే పీసీఆర్ పరీక్ష మరొకటి. కోవిడ్ కాలంలో ఈ పేరు పల్లెల్లోనూ తెలిసింది. అప్పుడు జిల్లాల్లో ఏర్పడిన పీసీఆర్ ప్రయోగశాలలను ఏడాదికి కొన్ని వారాలు ఈ పనికి కేటాయించవచ్చు. స్లైడు ఫొటో తీసి గుడ్లను కంప్యూటరే గుర్తించే పద్ధతుల మీద, మురుగునీటిలోనూ మట్టిలోనూ పురుగుల డీఎన్ఏను వెదికే పద్ధతుల మీద పరిశోధనలు సాగుతున్నాయి. మల నమూనా ఇవ్వడానికి ఇబ్బందిపడే జనం ఉన్నచోట ఈ చివరి పద్ధతికి ప్రత్యేకమైన ఆకర్షణ ఉంది.

బడి గోడ అవతల

నిఘా ఎక్కడ పెట్టాలన్నది మరో ప్రశ్న. ఏలికపాము, కొరడా పురుగు బడి వయసు పిల్లల్లో ఎక్కువ. కొంకిపురుగు అలా కాదు, అది వయసుతో పాటు పెరిగి పెద్దల్లో నిలబడుతుంది. జాతీయ కార్యక్రమం మాత్ర ఇచ్చేది 1 నుంచి 19 ఏళ్ల లోపువారికి. వరి మడిలో చెప్పుల్లేకుండా నాట్లు వేసే స్త్రీకి ఆ మాత్ర అందదు, ఆమె మలాన్ని ఏ సర్వే అడగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దానికి తిండి, రుతుస్రావం, వరుస కాన్పులు వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొంకిపురుగు వాటా ఎంతన్నది తేలకుండా ఐరన్ మాత్రలు మాత్రమే పంచుతూ పోవడం చిల్లు వెదకకుండా కుండ నింపే పనే.

పిల్లలతోపాటు పెద్దలకూ మాత్రలిస్తే సంక్రమణనే ఆపగలమా అని తేల్చడానికి బెనిన్, మలావి దేశాలతో పాటు తమిళనాడులోని తిమిరి, జవ్వాది కొండల ప్రాంతంలో డీవర్మ్-3 అనే పెద్ద అధ్యయనం జరిగింది; అక్కడి పనిని నడిపింది వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల. ఆ ప్రాంతం చిత్తూరు జిల్లాకు పొరుగునే ఉంది. తెలుగు రాష్ట్రాలకు ఇంతకన్నా చేరువైన పాఠం మరొకటి దొరకదు. బోదకాలు నివారణకు ఊరందరికీ డీఈసీ అనే మందుతో కలిపి ఇచ్చే మాత్రల్లో ఆల్బెండజోల్ కూడా ఉంటుంది కనుక, ఆ కార్యక్రమం ముగిసిన జిల్లాల్లో పిల్లలకు రక్తపరీక్ష చేసే సమయంలోనే మల నమూనాలు కూడా తీసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఒకే జీపు, ఒకే బృందం, రెండు జవాబులు.

మాత్ర పనిచేస్తూనే ఉందా?

ఒక్క మోతాదు ఆల్బెండజోల్ ఏలికపామును నూటికి 95 మందిలో, కొంకిపురుగును 80 మందిలో పూర్తిగా తొలగిస్తే, కొరడా పురుగును సుమారు 30 మందిలో మాత్రమే తొలగిస్తుంది. గొర్రెలు, మేకల్లో ఇదే కుటుంబానికి చెందిన మందులకు పురుగులు లొంగకపోవడం దశాబ్దాలుగా తెలిసిన సంగతే. ఏళ్ల తరబడి ఒకే మందు పడుతున్న మనుషుల్లోనూ అలా జరుగుతుందేమోనన్న భయం నిరాధారం కాదు. దానిని ముందుగా పసిగట్టే సాధనం కూడా గుడ్ల లెక్కే. మాత్ర వేసే ముందు, వేసిన 2–3 వారాల తరువాత గుడ్లను లెక్కించి చూస్తే, ఏలికపాము గుడ్లు 95 శాతం, కొంకిపురుగు గుడ్లు 90 శాతం, కొరడా పురుగు గుడ్లు 50 శాతమైనా తగ్గి ఉండాలి. అంతకన్నా తక్కువైతే మాత్ర నాణ్యతనో, పురుగు మొండితనాన్నో అనుమానించాలి.

లెక్క అవసరానికి వ్యతిరేక దిశ నుంచీ ఒక కారణం ఉంది. ఉత్తరప్రదేశ్‌లో సుమారు 10 లక్షల మంది పసిపిల్లల మీద జరిగి 2013లో ఫలితాలు వెలువడిన దేవ్తా అధ్యయనంలో, ఆరు నెలలకోసారి ఆల్బెండజోల్ ఇచ్చినా బరువులోనూ మరణాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ సోకుడు తేలికపాటిదే. మాత్ర వ్యర్థమని దీని అర్థం కాదు. పురుగులు తీవ్రంగా ఉన్నచోట మాత్ర ఇచ్చే మేలును, తేలిగ్గా ఉన్నచోట కూడా ఆశించరాదని మాత్రమే. ఏ జిల్లా ఏ కోవలోకి వస్తుందో తెలియకుండా అన్ని జిల్లాలకూ ఒకే షెడ్యూలు నడపడం డబ్బునూ, ఉపాధ్యాయుల సమయాన్నీ వృథా చేయడమే.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఇకపై మాత్రల శాతంతో పాటు, మధ్యస్థ, తీవ్ర స్థాయి సోకుడు ఏ ప్రాంతంలో ఎంత ఉందో కూడా ప్రజలకు ప్రకటించాలి. అది జరగాలంటే ఇళ్ల నుంచి కూడా సహకారం అందాలి. ఆరోగ్య సిబ్బంది మూత ఉన్న చిన్న డబ్బా ఇచ్చి పిల్లవాడి మలం తెచ్చిపెట్టమని అడిగితే తల్లిదండ్రులు మొహమాటపడి తప్పించుకోకుండా, మరునాటి ఉదయపు మలాన్ని మూత్రం, నీరు కలవకుండా బఠాణీ గింజంతైనా తీసి, సేకరించిన వేళ డబ్బా మీద రాయించి, ఆ పూటే అప్పగించాలి.